గాలి యను మాట

అనంతపురము జిల్లాకు పడమటి కొనను రాయదుర్గము కలదు. కొండమీద కోట, కొండక్రింద ఊరు, ఊరి చుట్టును మెట్టపొలములు. పడమట కొలది దూరముననే కర్ణాటకములోని మొలకాల్మూరు, ఉత్తరమున బళ్లారి. ఆషాఢమాసము వచ్చినచో ఇచ్చట పడమటి గాలి రేయింబవళ్లు వీచుచుండును. మేఘములు గుంపులు గుంపులుగా వచ్చును గాని నిలువవు. తలలమీదుగా తూర్పునకు సాగిపోవును. రైతు దుక్కి దున్ని, వేరుసెనగ కాయలు ఒలిపించి, విత్తనములు సిద్ధముచేసికొని, గాలి యెప్పుడు తగ్గునా, వాన యెప్పుడు వచ్చునా యని ఆకాశమువంక చూచుచుండును. తెలుగు రైతు దానిని 'గాలి' యనును. ప్రక్క చేనిలో కన్నడము మాటలాడు రైతు దానినే 'గాళి' యనును.

ఒకరి నోట 'ల', వేరొకరి నోట 'ళ'. మారినది ఒక్క అక్షరమే. మరి యీ మాట ఎవరిది? తెలుగువారు కన్నడమునుండి తెచ్చుకొనిరా? కన్నడిగులు తెలుగునుండి గైకొనిరా? లేక, ఇరువురకును ఒకే పూర్వుల యింటినుండి వచ్చిన ఆస్తియా? ఈ చిన్న ప్రశ్నను పట్టుకొని పోయినచో, మన యూరి పొలిమేరనుండి అరబ్బీ సముద్రము దాటి దూరదేశములదాక పోవలసివచ్చును. గాలికి పొలిమేరలు లేనట్లే, గాలిని చెప్పు మాటలకును లేవు.

పొలిమేరలమాట వచ్చినది గావున రాయదుర్గము చరిత్రమును కొంచెము తెలిసికొందము. 1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి దత్తముచేసెను. అప్పటినుండి దీనికి దత్తమండలమని పేరు. రాయదుర్గము బళ్లారి జిల్లాలో చేరియుండెడిది. 1882లో బళ్లారినుండి అనంతపురము జిల్లా విడిపోయినప్పుడును రాయదుర్గము బళ్లారిలోనే నిలిచినది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు మూడును ఆంధ్రమునకు వచ్చినవి. తక్కిన తాలూకాలు మైసూరు రాష్ట్రమునకు పోయినవి. నాడు ఏ యూరు ఏ భాషవారిదను వాదములు తీవ్రముగా సాగినవి. పటముమీద గీత గీయవచ్చును గాని, ఆ గీతకు ఇరువైపుల నున్నవారి నోటిలోని మాటలను గీత గీసి విడదీయుట సాధ్యము కాదు. ఇందుకు 'గాలి' మంచి సాక్ష్యము.

ఆ సాక్ష్యమును ఇప్పుడు విచారింతము. రెండు భాషలలో ఒక మాట ఒకే తీరుగా వినబడినంతమాత్రమున ఆ భాషలు చుట్టములని చెప్పరాదు. ఒక మాటలో కనబడిన మార్పు పెక్కు మాటలలో క్రమముగా కనబడవలెను. మనము 'ముల్లు' అనగా కన్నడిగులు 'ముళ్ళు' అందురు. మన 'ఉల్లి' వారికి 'ఉళ్ళి'. మన 'తేలు' వారికి 'చేళు'. మనము 'ల' పలుకుచోట వారు 'ళ' పలుకుచున్నారు. 'గాలి – గాళి' అను జంట ఈ వరుసలో చక్కగా కూర్చున్నది. ఇది యాదృచ్ఛికము కాదు, ఒక క్రమము.

ఇంకను దక్షిణమునకు పోదము. తమిళులు గాలిని 'కాట్రు' అందురు. వారి ప్రాచీన కావ్యభాషలో 'కాల్' అను పొట్టిమాటయు గాలికి కలదు. మలయాళీలు 'కాట్టు' అందురు. తుళువారు మనకు దగ్గరగా 'గాళి' యందురు. కన్నడ తెలుగులలో 'గ' ఉన్నచోట తమిళ మలయాళములలో 'క' వినబడుచున్నది. ఇదియు ఒంటరి మార్పు కాదు. మన 'గంజి' తమిళులకు 'కంజి'. మన 'గాడిద' వారికి 'కళుదై'. మన 'గుర్రము' వారికి 'కుదిరై'. తెలుగులో మాట మొదట 'గ' వచ్చుటయు, తమిళములో 'క' నిలుచుటయు పెక్కుచోట్ల కనబడును. కావున గాలి, గాళి, కాట్రు, కాట్టు – ఇవి యన్నియు ఒక తల్లి బిడ్డలని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఆ తల్లినే మూల ద్రావిడభాష యందురు.

ఈ చుట్టరికమును మొట్టమొదట గ్రంథరూపమున చూపినవారిలో ఇద్దరి పేర్లు మన సీమ విద్యార్థులు మరువరానివి. 1816లో ఏ.డి. కాంబెల్ అను దొర తెలుగు వ్యాకరణమొకటి ఇంగ్లీషులో ప్రకటించెను. దానికి ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ అను విద్వాంసుడు ఒక ఉపోద్ఘాతము వ్రాసి, తెలుగు సంస్కృతమునుండి పుట్టినది కాదనియు, తమిళ కన్నడములతో కలిసి అది వేరొక కుటుంబమునకు చెందినదనియు, మూడు భాషల ధాతువులను ప్రక్కప్రక్కన పెట్టి నిరూపించెను. ఆ కాంబెల్ తరువాత బళ్లారి జిల్లాకు కలెక్టరుగా వచ్చెను. రాయదుర్గము నాడు ఆ జిల్లాలోనిదే. 1823లో ఆయన తన జిల్లాలోని బడులనుగూర్చి ప్రభుత్వమునకు పంపిన నివేదికలో 533 బడులు లెక్కకు వచ్చినవి. వానిలో అధికభాగము తెలుగు బడులు, కన్నడ బడులు. తెలుగు కన్నడముల చుట్టరికమును చూపిన పుస్తకమును వ్రాసినవాడే, ఆ రెండు భాషలును ఒకే వీధిలో నేర్పబడుచున్న సీమను పాలించుట గమనింపదగిన విషయము.

1856లో రాబర్ట్ కాల్డ్వెల్ ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణమును ప్రకటించెను. 1961లో బరో, ఎమెనో అను పండితులిద్దరు ద్రావిడభాషల వ్యుత్పత్తి నిఘంటువును వెలువరించిరి. దాని సవరించిన కూర్పు 1984లో వచ్చినది. గాలి, గాళి, కాట్రులు అందులో ఒకేచోట చేరియున్నవి. వానితోపాటే మన 'గాడ్పు'ను కలదు. గాడ్పు మన కావ్యములలోని మాట. వాడుకలో 'వడగాడ్పు' అను రూపమున నేటికిని జీవించియున్నది. ఆంజనేయుడు వాయుపుత్రుడు గావున ఆయనకు 'గాడ్పుపట్టి' యనియు, 'కరువలిపట్టి' యనియు అచ్చతెలుగు పేర్లున్నవి. 'కరువలి' యనినను గాలియే. 'పట్టి' యనగా బిడ్డ. గుంతకల్లు చెంతనున్న కసాపురమునను, రాయదుర్గమునకు చేరువనున్న మురడి యందును వెలసిన ఆంజనేయుని గుడులకు తెలుగువారును కన్నడిగులును కలిసియే పోవుదురు. గాలికొడుకు నెదుట ఎవరి భాష ఏదని అడుగువారు లేరు.

ఇక మోసపుచ్చు మాటలనుగూర్చి హెచ్చరిక యొకటి. ఇంగ్లీషులో బలమైన గాలికి 'గేల్' అని పేరు. మన గాలికి, ఆ గేలునకు ఎంత పోలిక! ఈ పోలికను చూచి తొందరపడి, గేల్ మన మాటనుండి పుట్టినదని చెప్పుట తగదు. ఆ మాట ఇంగ్లీషులో 16వ శతాబ్దమునుండి కనబడుచున్నది. దానికి స్కాండినేవియా భాషలతో సంబంధముండవచ్చునని అచ్చటి నిఘంటుకారులు ఊహింతురు. పోలినది ఈ ఒక్క జంటయే. ముల్లు, ఉల్లి, గంజి, గాడిదల వలె దాని వెనుక నిలుచు మాటల వరుస లేదు. అట్లే ఇంగ్లీషు 'ఎయిర్' అనగా గాలి. మన 'ఏరు' అనగా నీటి ప్రవాహము. ధ్వనిలో దగ్గర, అర్థములో దూరము. ఎయిర్ గ్రీకు భాషనుండి లాటిను మీదుగా వచ్చినది. ఏరు మన నేలలో పుట్టినది.

ఇతర భాషలు దాక ఎందులకు? మన భాషలోనే ఇట్టి మోసములున్నవి. చేపలను పట్టు 'గాలము'లో గాలి లేదు. బియ్యమును 'గాలించి' రాళ్లు తీయుదురు. అచ్చట పని నీటిది గాని గాలిది కాదు. ఆ మాటను సంస్కృతమున వడపోతయను అర్థముగల 'గాలనము'తో పండితులు కలుపుదురు. పైకి గాలివలె కనబడి లోపల గాలి లేని మాటలు ఇవి.

దీనికి విరుద్ధముగా, పైకి గాలి కనబడక లోపల గాలి నిండిన మాట యొకటి మన కళ్లములలోనే కలదు. పంట కోసి, నూర్చి, రైతు ఎత్తైన చోట నిలిచి చేటతో గింజలను ఎత్తి గాలికి విడుచును. బరువైన గింజ కాళ్లయొద్ద రాలును. తేలికైన పొట్టు దూరముగా ఎగిరిపోవును. దీనిని 'తూర్పారపట్టుట' యందురు. 'తూరుపెత్తుట' యనియు అందురు. తూర్పుదిక్కునకు తిరిగి చేయు పని గావున ఆ పేరు వచ్చినదని కొందరు తలంతురు. కాని కన్నడములో ఈ పనికి 'తూరు' అని పేరు, తమిళములో 'తూట్రు'. కన్నడిగులు తూర్పుదిక్కును 'మూడణ' యందురు; తమిళులు 'కిళక్కు' అందురు. ఆ భాషలలో ఈ పనిమాటకు ఆ దిక్కుతో పొత్తు లేదు. కావున ఇది దిక్కును చెప్పు మాట కాదు. గాలిలో చల్లుటను చెప్పు ప్రాచీనమైన క్రియ. తప్పుచేసినవానిని నలుగురిలో కఠినముగా విమర్శించుటను మనము 'తూర్పారపట్టుట' యందుము. తమిళములోని 'తూట్రు' అను మాటకును నిందించుట యను అర్థము కలదు! వందలమైళ్ల దూరముననున్న రెండు జాతులు ఒకే కళ్లమునుండి ఒకే ఉపమానమును తెచ్చుకొన్నవి. ఒంటిమాట పోలికను నమ్మరాదు. మాటయు, దాని అర్థములును, దాని వెనుకనున్న పనియు కలిసివచ్చినప్పుడు నమ్మవచ్చును. భాషను పరిశోధించుటయు ఒకవిధముగా తూర్పారపట్టుటయే. గింజ నిలుచును, పొట్టు పోవును.

మనము గాలికి వాడు మాటలలో సంస్కృతమునుండి వచ్చినవియు అనేకము కలవు: వాయువు, వాతము, అనిలము, పవనము, సమీరము. వీనికి వేరొక కుటుంబము కలదు. సంస్కృతమున 'వా' అను ధాతువునకు వీచుట యని అర్థము. దానినుండి వాయువు, వాతము పుట్టినవి. కీళ్లనొప్పులకు మనము 'వాతము' అనుట ఆయుర్వేదమునుండి వచ్చిన వాడుక. దీపము ఊదబడి ఆరిపోవుటను చెప్పు 'నిర్వాణము'లోను ఈ ధాతువే యున్నది. లాటినులో గాలికి 'వెంటుస్' అని పేరు, ఇంగ్లీషులో 'విండ్', పారసీకములో 'బాద్'. ఇవి యన్నియు సంస్కృత వాతమునకు చుట్టములు. సంస్కృతము, గ్రీకు, లాటిను ఒకే మూలమునుండి వెలువడినవని 1786లో సర్ విలియం జోన్స్ కలకత్తాలో ప్రకటించినప్పుడు, ఇట్టి చుట్టరికములకే శాస్త్రీయమైన విచారణ మొదలైనది.

మీ తరగతి గదిలో పైకప్పునకు చేరువగా చిన్న కంత యుండును. దానిని వెంటిలేటరు అందురు. అందులో ఉన్నది లాటిను వెంటుసే. కిటికీకి ఇంగ్లీషులో 'విండో' అని పేరు. అది ప్రాచీన స్కాండినేవియా భాషనుండి వచ్చినది. ఆ భాషలో దాని అర్థము 'గాలికన్ను'. మన సంస్కృతములో కిటికీకి 'వాతాయనము' అని పేరు. అనగా గాలి వచ్చుదారి. 'గవాక్షము' అనియు పేరున్నది, అనగా ఆవుకన్ను. ఉత్తరధ్రువమునకు దగ్గరగా మంచులో నివసించినవారును, ఎండలో నివసించిన మనవారును గోడకు రంధ్రము చేసి, ఒకరు దానిని గాలికన్ను అనిరి. ఒకరు గాలిదారి యనిరి, ఆవుకన్ను అనిరి. మనుష్యుల ఊహలు ఎంత దగ్గరగా నడచుచున్నవో చూడుడు.

'పవనము' అను మాట 'పూ' అను ధాతువునుండి పుట్టినది; శుభ్రపరచుట దాని అర్థము. పావనము, పవిత్రము అను మాటలు దానికి తోబుట్టువులు. గాలిని శుభ్రపరచునదిగా చూచినవారు ఆ పేరు పెట్టిరి. అమరకోశములో పవనమను మాటకు ధాన్యమును పొట్టునుండి వేరుచేయుట యను అర్థమును చెప్పబడినది. చూచితిరా? మన కళ్లము మరల ఎదురైనది. భాషాకుటుంబములు వేరు, మాటలు వేరు. కాని గాలిలో గింజను ఎగురవేసిన రైతు చేయి ఒక్కటే.

మన వాడుకలో మూడవ కుటుంబపు మాటలును గలవు. ఉర్దూ మాటలాడువారు గాలిని 'హవా' యందురు. అది అరబ్బీ మాట. ఎవరి పలుకుబడియైనను బాగుగా సాగుచున్నప్పుడు వారి హవా నడచుచున్నదని తెలుగువారును అందుము. శీతోష్ణస్థితిని ఉర్దూలో 'ఆబోహవా' యందురు. అనగా నీరు, గాలి. ఆ యూరి గాలినీరు పడలేదని మన పెద్దలు చెప్పుటయు ఇట్టిదే. సముద్రయానము చేయు అరబ్బులు నౌకలను నడపుటకు అనువైన కాలమును 'మౌసిమ్' అనిరి. ఆ మాటను పోర్చుగీసువారు గైకొనిరి. వారినుండి ఇంగ్లీషువారికి చేరి 'మాన్సూన్' అయినది. దానికే మనము 'ఋతుపవనము' అని పేరు పెట్టుకొంటిమి. అరబ్బు నావికుని మాటలో కాలము మాత్రమే కలదు. మన మాటలో కాలమును కలదు, గాలియును కలదు.

ఇట్లు కుటుంబములు మూడు. మాటల రూపములు వేరు. కాని ఒక్క విషయమున అన్ని భాషలును ఏకమైనవి: గాలియే ప్రాణము. సంస్కృతమున 'అన్' అనగా శ్వాసించుట. దానినుండి 'అనిలము' అను గాలియు, 'ప్రాణము' అను జీవమును పుట్టినవి. గ్రీకులు గాలిని 'అనెమోస్' అనిరి. లాటినువారు ప్రాణమును 'అనిమా' అనిరి. ఊపిరిగల జంతువును ఇంగ్లీషులో 'ఆనిమల్' అనుట దానినుండియే. అరబ్బీలో 'రీహ్' అనగా గాలి, 'రూహ్' అనగా ఆత్మ. రెండింటికిని మూలాక్షరములు ఒకటే. హీబ్రూ భాషలో గాలికిని, ఊపిరికిని, ఆత్మకును 'రూఅహ్' అను ఒక్క మాటయే చాలును. ద్రావిడభాషలలో చూడుడు: కన్నడమున 'ఉసిరు' అనగా ఊపిరి, తమిళమున 'ఉయిర్' అనగా ప్రాణము, తెలుగున 'ఉసురు' అనగా ప్రాణము. పేదవానిని ఏడిపించినచో వాని ఉసురు తగులునని మన యిండ్లలో చెప్పుదురు. ఈ కుటుంబములు ఈ భావమును ఒకదానినుండి ఒకటి అరువు తెచ్చుకొనవలసిన పనిలేదు. ముక్కుకు చేయి అడ్డముపెట్టి చూచుకొన్న ప్రతి మనుష్యుడును తానుగా తెలిసికొన్న సత్యమిది. ధ్వనులు భాషలను కుటుంబములుగా విభజించును. అనుభవము ఆ కుటుంబములను మరల కలుపును.

అనుభవమనగా రాయదుర్గము సీమలో గాలి అనుభవమెట్టిది? నైరుతి ఋతుపవనము అరబ్బీ సముద్రమునుండి తేమను మోసికొని వచ్చి పడమటి కనుమలకు తాకును. కనుమల నెక్కునప్పుడు గాలి చల్లబడి వాన కురియును. కనుమలపైనున్న ఆగుంబెలో ఏటా 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడును. కనుమలు దాటి దిగునప్పుడు గాలి వేడెక్కి, తేమ తగ్గి, వాన నిచ్చు శక్తిని కోల్పోవును. అట్టి వానచాటు నేల మనది. అనంతపురము ప్రాంతమున ఏటి వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమున తన బలమును వెచ్చించి, ఇచ్చటికి వచ్చుసరికి నీరసించును. రెండు గాలులకును దూరమైన నేలలో గాలినిగూర్చిన మాటలకు బరువెక్కువ. తొలివానల కాలమును ఇచ్చటివారు 'ముంగారు' అందురు. అనగా ముందువచ్చు కారు. ఈ మాట ఆ పొలిమేరకు ఇరువైపులను చెల్లును. వెనుకవచ్చు కారును కన్నడిగులు 'హింగారు' అందురు. ముంగారు తప్పినదనిన మాట వినినంతనే ఈ సీమలో ఇంటింటను దిగులు పుట్టును. ఆ మాటకు అర్థమును నిఘంటువులో వెదకవలసిన పనిలేదు.

ఈ గాలి వానను దాటించుకొనిపోవుటయే గాక, నేలను సయితము మోసికొనిపోవును. కర్ణాటకములోని బాబాబుడన్ కొండలనుండి వచ్చు వేదవతీనదిని ఇచ్చట హగరి యందురు. ఏడాదిలో చాలకాలము దాని గర్భము ఎండి ఇసుకయై యుండును. ఋతుపవనకాలమున వీచు బలమైన గాలి ఆ ఇసుకను లేవనెత్తి ఒడ్డు దాటించి, కణేకల్లు, బొమ్మనహాళు మండలములలోని పొలములమీద దిబ్బలుగా పోయుచున్నది. దర్గాహొన్నూరు వంటి గ్రామములయొద్ద సాగుభూములు ఇసుక పాలగుచున్నవి. తాత పండించిన చేను మనుమని కాలమునకు ఎడారివలె మారుట సామాన్యమైన నష్టము కాదు. చెట్ల వరుసలు పెంచి గాలి వేగమును తగ్గించుటయు, గడ్డిని, పొదలను పెంచి ఇసుకను కదలకుండ పట్టియుంచుటయు దీనికి తగిన ఉపాయములు. మరొక ప్రక్క, అదే గాలి మేలును చేయుచున్నది. నేడు శ్రీసత్యసాయి జిల్లాలోనున్న రామగిరి కొండలపై 1990 దశాబ్దమునుండి గాలిమరలు తిరుగుచున్నవి. అవి విద్యుత్తు నిచ్చుచున్నవి. గాలి వేగము రెండింతలైనచో దానిలోని శక్తి ఎనిమిదింతలగును. చేనిని కప్పివేయు బలమును, దీపమును వెలిగించు బలమును ఒక్కటే. దానిని ఎరిగి వాడుకొనుటలోనే మనుష్యుని తెలివి యున్నది.

తెలుగువారు గాలిని ఎంత నిశితముగా గమనించిరో మన మాటలే చెప్పును. మెల్లగా వీచినచో తెమ్మెర. పైరుమీదుగా వచ్చినచో పైరగాలి. గుండ్రముగా తిరిగినచో సుడిగాలి. చల్లగా విసరుచు వాననీటిని మోసికొనివచ్చినచో ఈదురుగాలి. వేసవిలో చెంపలు కాల్చినచో వడగాలి. ఆధారములేని మాటలు గాలిమాటలు. నెరవేరని ఆశలు గాలిమేడలు. తలంపని తలంపుగా జరిగినది గాలివాటు. అక్కరలేని చిక్కును నెత్తికెత్తుకొన్నవానిని చూచి, గాలికి పోవు కంపను ఒంటికి తగిలించుకొన్నాడని పల్లెలో అందురు. కంపచెట్లు, గాలి రెండును ఎరిగిన మెట్టసీమలో ఈ సామెత యొక్క పదును బాగుగా తెలియును.

ఇట్టి మాటలు పుస్తకములలోకంటె పెద్దల నోళ్లలో ఎక్కువగా నున్నవి. కళ్లములలో యంత్రములు వచ్చి గింజను పొట్టునుండి వేరుచేయుచున్నందున, తూర్పారపట్టుట నేడు అరుదైన పని యగుచున్నది. పని పోయినచో, ఆ పనితో పుట్టిన మాట నిందార్థములో మాత్రమే మిగులును. కొంతకాలమునకు అది ఎందుకట్లు వచ్చినదో చెప్పువారుండరు. వ్రాసికొనని మాట గాలిలో కలిసిపోవును. విద్యార్థులారా! మీ ఇండ్లలోని పెద్దలను అడుగుడు. ఏ నెలలో ఏ గాలి వీచును, దానికి ఏమి పేరు, ఏ గాలికి విత్తుదురు, ఏ గాలికి తూరుపెత్తుదురు అని అడిగి వ్రాసికొనుడు. మీ తరగతిలో కన్నడము, ఉర్దూ, తమిళము మాటలాడు ఇండ్లవారున్నచో, వారి మాటలను మీ మాటల ప్రక్కన వ్రాయుడు. ఏవి చుట్టములు, ఏవి అరువు వచ్చినవి, ఏవి కేవలము పోలికలు అని విచారించుడు. కాంబెల్, ఎల్లిస్ దొరలు 1816లో చేసిన పని యిదియే. వారికి కావలసినవి వినుటకు చెవులు, వ్రాయుటకు కాగితము, తొందరపడని బుద్ధి. అవి మీకును కలవు.

ప్రశ్నలు

1. తెలుగు 'గాలి', కన్నడ 'గాళి' ఒకే మూలమునుండి వచ్చినవని చెప్పుటకు ఆధారములేవి?
2. ఇంగ్లీషు 'గేల్' మన 'గాలి'కి చుట్టమని చెప్పుట ఎందుకు తగదు?
3. 'తూర్పారపట్టుట' యను మాట తూర్పుదిక్కునుండి రాలేదని రచయిత ఎట్లు నిరూపించెను?
4. గాలి, ప్రాణము ఒకటే యను భావము ఏయే భాషలలో ఎట్లు కనబడుచున్నది?
5. రాయదుర్గము సీమకు గాలివలన కలుగు కీడును, మేలును వివరింపుడు.
6. మీ యూరిలో గాలికి సంబంధించిన పది మాటలను సేకరించి, వాని అర్థములను వ్రాయుడు.